మహంతి గారి ఎర్ర సున్నాలు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు కూర్చోలేదు. భిలాయిలో క్యాంప్ 1 బస్తీలో పుట్టి పెరిగాను. మా సందులో ప్రతి మూడో ఇంటికీ ఒక కథ ఉండేది. చెప్పేవాడిని రెండు ప్రశ్నలడిగితే చాలు, మూడోదానికి టీ చల్లారిపోతోందని లేచి వెళ్ళిపోయేవాడు. తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేశాను. కొలత వెయ్యని గీతని గీత అని ఒప్పుకోని చోటు అది. ఇవాళ కూడా నేను దెయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. పాత చిత్రకళా ప్రదర్శనల కేటలాగులు పోగుచేస్తాను. ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్ళకి బొమ్మల నంబర్లు, పేర్లు, గీసినవాళ్ళ వివరాలతో చిన్న పుస్తకం ఇస్తారు కదా, అవి. కలకత్తావి, నాగపూర్‌వి, బొంబాయివి, కొన్ని మా నాన్న పుట్టకముందువి కూడా ఉన్నాయి.

కొత్తగా, శుభ్రంగా ఉన్న కేటలాగు నాకు అక్కర్లేదు. ఇదివరకు ఎవరిదో అయి ఉండాలి. వాళ్ళు అందులో ఏదో రాసి ఉండాలి. నా దగ్గరున్న ఒకటి పళ్ళ డాక్టరుది. ప్రతి ముఖచిత్రం పక్కనా ఆయన పళ్ళవరస గురించి రాసుకున్నాడు. ఇంకొకటి ఎవరో ఆవిడది. మగవాళ్ళున్న బొమ్మలన్నీ కత్తిరించేసింది, మిగిలినవి పదకొండు పేజీలు. ఇంకొకటి పోలీసు అధికారిది. బొమ్మల మీద ఒక్క ముక్క లేదు కానీ హాలుకి ఎన్ని తలుపులో, ఏ తలుపు దగ్గర ఎవరు నిలబడాలో వెనక అట్ట మీద గీసుకున్నాడు. ఇలాంటివాళ్ళంటే నాకిష్టం. ఒక్కొక్కరి గురించి విచారించి, తెలిసింది ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాను.

మా ఆవిడ వరలక్ష్మి దీన్ని రద్దీ వ్యాపారం, చిత్తు కాగితాల కొట్టు అనేది. కొట్లో రద్దీ అయినా ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది, మన ఇంట్లో అవదు అనేది.

మూడేళ్ళ కిందట వేసవికి ముందు, పవర్ హౌస్ దగ్గరి రద్దీ కొట్టతను ఫోన్ చేశాడు. భిలాయి-3లో ఎవరో ఇంటి మరమ్మతు పెట్టుకుని అటక ఖాళీ చేశారట, మీ తరహా పుస్తకాలు ఒక పెట్టెడు వచ్చాయి సాబ్ అన్నాడు. వెళ్ళి చూశాను. నలభై ఒక్క కేటలాగులు, ఎక్కువగా కలకత్తావి. అన్నిటి మీదా ఒకే రబ్బరు స్టాంపు, మహంతి అన్న ఇంటిపేరు, భిలాయి-3 చిరునామా. మహంతి అంటే మా శ్రీకాకుళం వైపు కరణాల ఇంటిపేరు. మనవాళ్ళే అనుకున్నాను.

ఇంటికొచ్చి తెరవగానే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆయన మా వృత్తివాడు! కలకత్తాలో ఏదో డ్రాయింగ్ ఆఫీసులో చెకర్‌గా పనిచేసి ఉండాలి. పేజీలు చూస్తే తెలిసిపోతుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గీసిన డ్రాయింగుకి నకలు తీసి చెకర్‌కి ఇస్తాం. సరిగ్గా ఉన్న ప్రతి కొలత మీదా ఆయన పసుపు పెన్సిల్‌తో గీస్తాడు. తప్పున్న చోట ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుడతాడు. గీసినవాడు వెళ్ళి ఆ నకలు తెచ్చుకుని, దాన్ని పక్కన పెట్టుకుని అసలు డ్రాయింగు దిద్దాలి. ఒక నియమం మాత్రం ఎవరూ దాటకూడదు. చెకర్ పెట్టిన ఎరుపుని చెరపకూడదు. తప్పు దిద్దినా సరే, ఆ నకలు పని అయ్యేదాకా ఫైల్లో అలాగే ఉండాలి. ఎంతమంది ట్రైనీలకి ఈ మాట నేర్పానో నాకే లెక్క లేదు. ఒకడు బ్లేడు పెట్టి గీకేశాడని రెండు రోజులు టేబుల్ దగ్గర కూర్చోనివ్వలేదు కూడా.

మహంతి గారు ప్రదర్శనలకి వెళ్ళి బొమ్మలన్నిటినీ ఇలాగే చెక్ చేశారు. నచ్చిన బొమ్మ నంబరు మీద పసుపు. తప్పున్న చోట ఎర్ర సున్నా, పక్కన గుండ్రటి అక్షరాలతో ఒక ముక్క. మోచెయ్యి పొడవు. గుర్రానికి వెనక కాలు నేల మీద లేదు. నీడ ఇటు పడదు. నేను ప్రతిదీ కొలిచి చూశాను. ఒక్కచోట కూడా ఆయన పొరపాటు పడలేదు. నా నోటుబుక్కులో ఆయనకి నాలుగు పేజీలు కేటాయించాను.

పెట్టె అడుగున ఉన్నది నలభై ఒకటోది. దాన్ని చూసి నవ్వు వచ్చింది. అది మాదే.

సుమారు ముప్పై ఏళ్ళ కిందట ప్లాంటు ఉద్యోగులం, మా ఇళ్ళల్లోవాళ్ళు కలిసి ఒక బొమ్మల ప్రదర్శన పెట్టుకున్నాం. ఆ కేటలాగు పేజీలు అమర్చింది నేనే. నా దగ్గరున్న కాపీ క్వార్టర్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అందులో ముప్పై ఒకటో నంబరు నేను వేసిన బొమ్మ. వరలక్ష్మి కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో ఎనిమిది నెలల మా స్వాతి. రంగుల బొమ్మే కానీ కేటలాగులో నలుపు తెలుపుల్లో అరచేతి సైజున పడింది. అసలు బొమ్మ చెదలకి పోయింది.

ఆ పేజీ తిప్పాను. మహంతి గారు నా బొమ్మ మీద ఒకటి కాదు, రెండు ఎర్ర సున్నాలు చుట్టారు. ఒకటి వరలక్ష్మి మెడకి ఎడమవైపు. ఇంకొకటి, చిన్నది, పిల్ల మీద.

పక్కన ఒక్క అక్షరం లేదు. ఏం తప్పో రాయలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఆ వయసులో అలా మండకూడదు, కానీ మండింది. ఆ మెడ కోసం నేను మూడు ఆదివారాలు కూర్చున్నాను. ఆ కేటలాగులో నలభై ఆరు బొమ్మలుంటే మూడింటికే ఎరుపు పడింది. ఆవుకి ఐదు కాళ్ళు వేసినట్టు కనిపించే బొమ్మకి కూడా పసుపు గీత ఉంది. నాకు ఎరుపు!

వరలక్ష్మికి తీసుకెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసి నవ్వింది.

"నా మెడ బాగానే ఉంది, నీ చెయ్యే వంకర" అంది, మెడ తడుముకుంటూ.

తీసేస్తానన్నాను. "పోనీలే, ఉంచు. ఎవరో పెద్దాయన పెట్టింది, నీకేటి?" అంది.

నేను వినలేదు. ఎర్ర పెన్సిల్ రబ్బరుతో పోదు. ట్రేసింగు మీద తప్పులు గీకడానికి సగం బ్లేడు వాడేవాళ్ళం, ఆ అలవాటు చేతికి ఇంకా ఉంది. ముందు పిల్ల మీది సున్నా గీకాను. కాగితం నున్నటిది, బ్లేడు జారింది, అచ్చు కూడా లేచిపోయింది. తల నుంచి మోకాళ్ళ దాకా పిల్ల ఉన్న చోటంతా తెల్లగా అయిపోయింది. అప్పుడు జాగ్రత్తపడి మెడ దగ్గర సున్నా ఉన్నంత మేరే గీకాను. అక్కడ గుండ్రటి తెల్లమచ్చ మిగిలింది. కేటలాగు పాడైందని కాసేపు బాధపడి, ఒక కవర్లో పెట్టి బీరువాలో పడేశాను.

ఇది ఫిబ్రవరిలో. మే నెలలో వరలక్ష్మి గొంతు బొంగురుపోయింది. ఎండాకాలం దుమ్మనుకున్నాం. ఉప్పు నీళ్ళు పుక్కిలించింది, మిరియాల కషాయం తాగింది. వానలు పడ్డాక తగ్గుతుందన్నాను నేను. వానలు పడ్డాయి. ఆగస్టులో ఒక రోజు తల దువ్వుకుంటూ, ఇక్కడ ఏదో గట్టిగా తగులుతోంది చూడు అంది.

రాయ్‌పూర్ తీసుకెళ్ళాం. పరీక్షలయ్యాక డాక్టరు నన్ను పక్కకి పిలిచి, నాకు అర్థమయ్యేలా ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసి, ఇదిగో ఇక్కడ మొదలైంది అని ఇంటూ గుర్తు పెట్టాడు. మూడు నెలల ముందు వచ్చి ఉంటే దారి వేరుగా ఉండేదన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు నాకేమీ తోచలేదు. కేటలాగు సంగతి మనసులోనే లేదు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. చివరి మూడు నెలలూ మాట లేదు. పలక కొనిచ్చాను, దాని మీద రాసేది. తెలుగు చదవడం మరిచిపోయిన మా స్వాతి కోసం హిందీలో రాసేది.

ఆమె పోయాక నెల గడిచి, బీరువాలో ఆస్పత్రి కాగితాలు సర్దుతుంటే ఆ కవరు చేతికొచ్చింది. తెరిచాను. తెల్లమచ్చ చూశాను. డాక్టరు గీసిన కాగితం అక్కడే ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టాను. తర్వాత నాకు చేతనైన పనే చేశాను. డివైడర్లు తీసి కొలిచాను. చెవి తమ్మె నుంచి భుజం ఎముక దాకా దూరం తీసుకుని, ఇంటూ గుర్తు అందులో ఎన్నో వంతు దగ్గర ఉందో చూశాను. బొమ్మలోనూ అలాగే తెల్లమచ్చ మధ్యకి కొలిచాను. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ ఒక్కటే వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదని రాయను. డాక్టరు చేత్తో గీసిన బొమ్మ అది. కానీ మా ఆఫీసులో ఈ తేడాతో డ్రాయింగు పాస్ చేసేవాళ్ళం.

దీనికి ఏదో సాదా కారణం ఉంటుందనుకున్నాను. ప్రదర్శనకి వచ్చినప్పుడు ఆయన వరలక్ష్మిని దగ్గరగా చూసి ఉంటాడు. అప్పటికే మెడ మీద చిన్న వాపేదో ఉండి ఉంటుంది, నేను తెలియకుండానే దాన్ని బొమ్మలో వేసి ఉంటాను, చెకర్ కన్ను దాన్ని పట్టేసి ఉంటుంది. ముప్పై ఏళ్ళ ముందటి వాపు అన్నాళ్ళు ఊరుకుంటుందా అన్న ప్రశ్న ఉన్నా, ఈ కారణం నాకు కావాలి. దాన్ని ఖాయం చేసుకోవడానికే భిలాయి-3 వెళ్ళాను.

స్టాంపు మీది చిరునామాలో ఆయన తమ్ముడి కూతురు సుభద్ర గారు ఉంటున్నారు. అరవై దాటి ఉంటాయి. పగటిపూట, పదకొండు గంటలకి వెళ్ళాను. మరమ్మతు ఎప్పుడో అయిపోయింది, ఇంటికి సున్నం వేసి ఉంది. ఇద్దరం శ్రీకాకుళం వైపువాళ్ళమేనని తేలాక ఆవిడ టీ ఇచ్చి కూర్చోబెట్టారు. పెదనాన్న కలకత్తాలో రిటైరయి, పెళ్ళి చేసుకోనివాడు కాబట్టి వీళ్ళ దగ్గరికి వచ్చేశారట. కేటలాగులు రద్దీకి వేసినందుకు ఆవిడ సిగ్గుపడ్డారు. ఇల్లు చిన్నది, ఏటి చేస్తాం అన్నారు.

నేను మా ప్రదర్శన సంగతి ఎత్తాను. ఆయన వచ్చి చూశారు కదా అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "వచ్చారు గానీ, చూడటం ఏటండీ? అప్పటికి రెండేళ్ళయి పెదనాన్నకి కళ్ళు లేవు. రెండూ పూర్తిగా పోయాయి."

మరి ఈ గుర్తులు ఎవరు పెట్టారని అడిగాను.

"ఆయనే. నేను పక్కన కూకుని, ఇది ఫలానా నంబరు పెదనాన్నా, ఇందులో ఒక ఆడమనిషి, ఒళ్ళో పిల్ల, అని సెప్పీదాన్ని. బొమ్మ ఏ మూల నుంచి ఏ మూల దాకా ఉందో వేలు పట్టుకుని చూపించీదాన్ని. రంగులు కలిసిపోకుండా పసుపు కుడి చేతికి, ఎరుపు ఎడం చేతికి ఇచ్చీదాన్ని. ఏటి గీస్తన్నావంటే, చెకింగు చేస్తన్నానమ్మా అనీవోరు. ముసలాయన సరదా, గీసుకోనీ అని ఊరుకున్నాను."

నేను టీ కప్పు కింద పెట్టాను. మీ పెదనాన్న ఆ ఎర్ర గుర్తుల గురించి ఏమైనా చెప్పారా అని అడిగాను.

"సెప్పలేదు. కానీ అడుగుతూ ఉండీవోరు. గీసినవాడు వచ్చాడా అమ్మా, నకలు పట్టుకెళ్ళాడా, అని. రోజూ అదే గొడవ. ఆ ముగ్గురి అడ్రసులూ కనుక్కుని పంపించమన్నారు. బాబూ, కళ్ళు లేని మనిషి గీసిన గీతలు పంపితే జనం నవ్వరా? పంపించానని అబద్ధం సెప్పాను. అప్పుడు ఊరుకున్నారు. ఆ చలికాలంలోనే పోయారు."

తర్వాత ఆవిడ, పంపాల్సింది ఏటండీ, ఏమైనా ముఖ్యమైనదా అని అడిగారు. ఏం లేదమ్మా అన్నాను. ఆవిడ పంపలేదు, అంతే. నేనైతే చెరిపేశాను.

మిగిలిన రెండు ఎరుపుల సంగతి కూడా కనుక్కున్నాను. ఒకటి పక్కనే జాముల్‌లో ఉండే ఒక కాంట్రాక్టు వెల్డరు బొమ్మ. గీసినాయన ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడు, వెల్డరు ఎవరో తెలియలేదు. రెండోది మా ఆఫీసు మూర్తి వేసిన వాళ్ళ నాన్న బొమ్మ. సున్నా కుడివైపు పక్కటెముకల కింద ఉంది. మూర్తి ఇంకా క్యాంప్ 1లోనే ఉంటున్నాడు. మాటల్లో పెట్టి మీ నాన్నగారు ఎలా పోయారని అడిగాను. లివర్, అన్నాడు. ప్రదర్శన అయిన పన్నెండేళ్ళకట. ఎందుకడుగుతున్నావు గురువుగారూ అని రెండుసార్లు అడిగాడు. ఊరికే అన్నాను. నమ్మలేదు.

పసుపు గీత పడినవాళ్ళలోనూ చాలామంది పోయారు. అది కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళు కదా. మూడింటిలో ఒకటి తెలియనే తెలియదు. రెండు కలిసినంత మాత్రాన ఏం రుజువవుతుందని ఎవరైనా అడిగితే, ఏమీ అవదు అని నేనే చెబుతాను. మా సందులో కథలు చెప్పేవాళ్ళని నేనైనా అదే అడిగేవాడిని.

ఆ సున్నాలు ఉంచి ఉంటే ఏం చేసేవాడినని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. పెన్సిల్ సున్నా చూసి ఎవరూ ఆస్పత్రికి వెళ్ళరు. కానీ ఆ పేజీ టేబుల్ మీద ఉండి ఉంటే, మే నెలలో గొంతు బొంగురుపోయినప్పుడు కళ్ళు ఒక్కసారైనా దాని మీద పడేవి. ఆమె కూడా ఆ చోటునే తడుముకుంది, ఉంచు అంది. మూడు నెలలు ముందు వచ్చి ఉంటే అన్నాడు డాక్టరు. మా ఆవిడ చావులో నా బ్లేడుకి వాటా ఉందని నాకు అనిపిస్తుంది. దీన్ని ఎవరూ నా మనసులోంచి తియ్యలేరు.

ఇదంతా నేను భరించగలను. భరించలేనిది రెండో సున్నా.

అది పిల్ల మీద ఉంది. అంతవరకు ఖాయం. పిల్ల మీద ఎక్కడ? ఆ రోజు నా కోపమంతా మెడ మీద ఉంది. పిల్ల మీదిది చిన్నది, దాన్ని సరిగ్గా చూడకుండానే గీకేశాను. ఛాతీ మీదనా, పొట్ట మీదనా, తలకి ఒక పక్కనా? కళ్ళు మూసుకుంటే ఒక్కో రోజు ఒక్కో చోట కనిపిస్తుంది. కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను. పక్కనుంచి టార్చి వేసి, పెన్సిల్ ఒత్తిన గాడి ఏమైనా మిగిలిందేమోనని భూతద్దంతో వెతికాను. నా చేతిపని శుభ్రంగా ఉంది, ఏమీ మిగల్లేదు. ఇంకో కాపీ దొరికినా అందులో గుర్తు ఉండదు.

స్వాతికి ముప్పై ఒకటి దాటాయి. దుర్గ్‌లో ఉద్యోగం, అక్కడే అల్లుడితో ఉంటుంది. దానికి ఈ విషయం చెప్పలేదు. ఏమని చెప్పను? నీ ఒంట్లో ఎక్కడో ఒక చోట అని చెప్పనా?

ఆరోగ్య పరీక్షలు చేయించుకోమని వెంటపడితే, అమ్మ పోయిన భయమనుకుని సరే అంది. రక్తం, ఛాతీ, పొట్ట, అన్నీ అయ్యాయి. అన్నీ బాగున్నాయన్నారు. ఆరు నెలలకి మళ్ళీ తీసుకెళ్ళాను. ఈ మధ్య మూడోసారి తీసుకెళ్తే విసుక్కుంది. "నాన్నా, ఇంక బస్ కరో, చాలు. నాకేం అవలేదు" అంది కారులో. అని, కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

లోపలికి వెళ్ళాం. కొత్త డాక్టరమ్మ, చిన్నపిల్ల. పాత రిపోర్టులన్నీ తిరగేసి, మీకు ఇబ్బంది ఏమిటని స్వాతిని హిందీలో అడిగింది. ఇబ్బంది నాకు కాదు, మా నాన్నకి అంది స్వాతి. డాక్టరమ్మ నవ్వి నా వైపు తిరిగింది.

"సరే అంకుల్, మీరే చెప్పండి. ఎక్కడ చూడమంటారు?"

మా అమ్మాయి కూడా నా వైపు చూసింది. తెల్లగా గీకేసిన పేజీ బ్యాగులో, నా ఒళ్ళోనే ఉంది. కళ్ళు లేని మనిషి చూసి గుర్తుపెట్టిన చోటు అది. కళ్ళున్న నేను చెరిపేశాను. ఎక్కడో నాకు గుర్తు లేదు.